గుంజ జరిగింది

ఇరవై రెండేళ్లు ఒక మాటను మోశాను. మింగలేక, కక్కలేక. భార్యకు చెప్పలేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పక్క కుర్చీలో కూర్చున్న మిత్రుడికి చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి చెప్పగలుగుతున్నానా, లేక మీకు నా మొహం కనబడదు కాబట్టా? రెండూ ఒకటేనేమో.

నా పేరు రాయడం లేదు. ఊరి పేరూ రాయడం లేదు. జగిత్యాల నుంచి కోరుట్ల పోయే దారికి పక్కన, మెట్ట మీద ఉన్న ఒక ఊరు అనుకోండి. నేను అన్యాయం చేసిన మనిషిని గంగారాం అని పిలుస్తాను. అది ఆయన అసలు పేరు కాదు. మా వైపు ఆ పేరు వాడకొకరికి ఉంటుంది కనక ఎవరికీ ఇబ్బంది లేదు.

ముందు నేను చేసిన పని ఏమిటో చెప్పాలి. అది చెప్పకపోతే నా తప్పు ఎంతటిదో మీకు అందదు.

ఆకాశంలో దారులున్నాయని చాలామందికి తెలియదు. విమానం ఎటు బుద్ధి పుడితే అటు పోతుందనుకుంటారు. చాలా ఎత్తున పోయే పెద్ద విమానాల సంగతి వదిలేయండి. తక్కువ ఎత్తులో పోయే చిన్న విమానాలకు ఆ రోజుల్లో నేల మీది రేడియో స్టేషనే దారి చూపేది. మాది అట్లాంటి స్టేషన్. చేల మధ్య గుండ్రటి ఇల్లు, దాని మీద యాంటెనా, చుట్టూ కంచె. అది రెండు సంకేతాలు పంపుతుంది. ఒకటి అన్ని దిక్కులకూ ఒకేలా వెళ్తుంది. రెండోది దిక్కును బట్టి మారుతూ తిరుగుతుంది. ఆ రెండింటి తేడాను చూసి, తాను స్టేషన్‌కు ఏ దిక్కున ఉన్నదో విమానంలోని యంత్రం డిగ్రీల్లో చెబుతుంది. ఉత్తరం సున్నా. అక్కడి నుంచి చుట్టూ మూడు వందల అరవై గీతలు, బండి చక్రానికి ఆకుల్లాగా. ఈ స్టేషన్ నుంచి ఒక గీత, అవతలి స్టేషన్ నుంచి ఒక గీత, రెండూ కలిస్తే ఒక దారి. సగం దూరం దీన్ని పట్టుకుని పోవాలి, ఆ తర్వాత దాన్ని అందుకోవాలి. మరీ కిందికి దిగితే గుట్టలు అడ్డమొచ్చి సంకేతం అందదు. అందుకని ఏ దారిలో ఎంత ఎత్తుకు తగ్గకూడదో కూడా రాసి పెడతారు.

అంతే. తారు లేదు, మైలురాయి లేదు. ఆ గీత ఒక డిగ్రీ వంకరపోతే, అరవై కిలోమీటర్ల అవతల విమానం ఒక కిలోమీటరు పక్కకు పోతుంది. పైలట్‌కు ఆ సంగతి తెలియదు. తన ముందున్న సూది నడిమధ్యనే ఉంటుంది కనక సరైన దారిలోనే ఉన్నాననుకుంటాడు.

అంటే ఉత్తరం ఎటుందో మేం చెప్పాలి, వాళ్లు నమ్మాలి. ఆ చెప్పేవాణ్ని నేను. నాకు ఆ గర్వం ఉండేది. కాస్త ఎక్కువే ఉండేది.

గర్వం మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి కూడా చెప్పేస్తాను. మాది గంభీరావుపేట వైపు ఒకప్పటి దొరల కుటుంబం. నేను పుట్టేనాటికి కొంత పొలం, కారుతున్న పెంకుటిల్లు తప్ప ఏమీ మిగలలేదు. అయినా మా తాత ముందు ఎవరూ కూర్చునేవారు కాదని విని పెరిగినవాణ్ని. మా తాత రాసిన కాగితం మీద ఊరివాళ్లు వేలిముద్ర వేసేవారట. అందులో ఏముందని అడిగేవారు కాదట. చిన్నప్పుడు మా ఇంట్లో ఆ కథ చెబుతుంటే, ఎంత నమ్మకమో అనుకునేవాణ్ని.

ఇక గంగారాం. స్టేషన్ కట్టినప్పుడు ఆయన భూమిలో కొంత పోయింది. ఆ మొహమాటం కొద్దీ ఆయన్ను రోజుకూలీ మీద కాపలాకు పెట్టుకున్నారు. నలభై దాటిన మనిషి. గడ్డి కోసేవాడు, పశువుల్ని కంచె దాటనిచ్చేవాడు కాదు, నోరు మాత్రం ఒక్క నిమిషం ఊరుకునేది కాదు. మబ్బు ఏ వైపు నుంచి లేచిందో చూసి వాన ఏ ఊళ్లో పడుతుందో చెప్పేవాడు. కథలాపూర్‌లో పడుతుందంటే కథలాపూర్‌లోనే పడేది. "ఉత్తరం మీది సారూ, నైరుతి మబ్బు నాది. గిట్ల పంచుకుందాం," అని నన్ను ఆటపట్టించేవాడు. మా యంత్రాల సంగతి తెలియకపోయినా, కంచె లోపల ఏది ఎక్కడుందో ఆయనకు బెత్తెలతో సహా తెలుసు. రైతు కదా, గట్టు బెత్తెడు జరిగినా కంటికి ఆనుతుంది.

గుండ్రటి ఇంటికి పన్నెండు మీటర్ల దూరంలో ఒక గుంజ పాతి ఉండేది. గుంజ అన్నది గంగారాం మాట. మా పుస్తకాల్లో దానికి పెద్ద పేరే ఉంది. దాని తల మీద చిన్న యాంటెనా. మేం పంపే సంకేతం సరిగ్గా ఉందో లేదో అది రాత్రింబవళ్లు వింటూ ఉంటుంది. డిగ్రీ తేడా వచ్చిందంటే గంట కొట్టి, సంకేతం పంపే యంత్రాన్ని ఆపేస్తుంది. రెండో యంత్రం నడుస్తుంది. అదీ తప్పిందంటే స్టేషన్ మొత్తం బంద్.

ఒక వానాకాలం పొద్దున నేను డ్యూటీకి వెళ్లేసరికి గంట మోగుతోంది. రెండు యంత్రాలూ ఆగిపోయి ఉన్నాయి. గంగారాం గేటు దగ్గరే ఎదురొచ్చాడు.

"సారూ, గుంజ జరిగింది. నిన్నటి వానకు అడుగున మన్ను కుంగింది. ఒక్కసారి సూడుండ్రి."

"మిషన్ సంగతి నీకేం ఎరుక గంగారాం? నువ్వు పొయ్యి గడ్డి సూడు."

"మిషన్ గాదు సారూ, గుంజ. జానెడున్నర ఒరిగింది. ఇంక కుంగకుంట నేనే మన్ను ఎగదోసి పెట్టిన."

"సరే సరే," అన్నాను. చూడలేదు.

ఎందుకు చూడలేదు? పది అడుగులు వేస్తే కనిపించేది. ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడుక్కున్నానో లెక్కలేదు. ప్రతిసారీ ఒకటే జవాబు, చెప్పాలంటే సిగ్గుగా ఉంటుంది. ఆ రోజు కోరుట్లలో మా బంధువుల గృహప్రవేశం. పదకొండింటికల్లా అక్కడ ఉండాలి. గుంజకు ఏమీ కాలేదనుకుంటే, చిన్న చిన్న తేడాలను దాన్ని చూసే సర్దుకోవచ్చు. గుంజకు ఏదైనా అయిందని తెలిస్తే మాత్రం చుట్టూ పదహారు చోట్ల నిలబడి కొలత తీయాలి. పూట పడుతుంది. కాబట్టి నాకు తెలియకుండా ఉండటమే నాకు కావలసింది. గంగారాం చెప్పకుండా ఉంటే బాగుండునని అప్పుడే అనిపించింది. చూడండి, అబద్ధం అక్కడే మొదలైంది, గేటు దగ్గరే.

రెండు యంత్రాలు ఒకేసారి, ఒకే వైపుకు, ఒకే కొలతలో తప్పవు. ఈ పనిలో చేరిన మొదటి నెలలోనే అది నేర్పిస్తారు. రెండూ తప్పాయంటే తప్పింది యంత్రం కాదు, దాన్ని చూసే కన్ను. ఆ కన్ను ఒరిగిందని ఒక మనిషి ఎదురొచ్చి మరీ చెప్పాడు. నేను లోపలికి పోయి, ఒరిగిన గుంజకు సరిపోయేదాకా సంకేతాన్ని తిప్పాను. గంట ఆగింది. పచ్చ దీపం వెలిగింది. 'స్వల్ప తేడా, సవరించాను' అని పుస్తకంలో రాసి సంతకం పెట్టాను. వంకరను సరిచేయకుండా, సరిగ్గా ఉన్నదాన్ని వంకర చేశాను. ఆకాశపు ఉత్తరాన్ని డిగ్రీన్నర పక్కకు తోసి బస్సెక్కాను.

కోరుట్లలో ఏం చేశానో కూడా చెప్పాలి. నా జేబులో ఎప్పుడూ ఒక దిక్సూచి ఉండేది. భోజనాలకు ముందు దాన్ని కొత్త ఇంటి గడప మీద పెట్టి, వాస్తు చూసిన పెద్దమనిషితో వాదన పెట్టుకున్నాను. ఇల్లు అచ్చంగా ఉత్తరానికి లేదు, రెండు డిగ్రీలు తప్పింది అన్నాను. అందరూ నవ్వారు. ఆయన చిన్నబుచ్చుకుని అన్నం సరిగ్గా తినలేదు. నేను కడుపునిండా తిన్నాను.

పదకొండు రోజులు విమానాలు ఆ వంకర దారి మీద పోయాయి. పన్నెండో రోజు మబ్బు కిందికి దిగి ఉంది. నలుగురు మనుషులున్న ఒక చిన్న విమానం మా గీత పట్టుకుని వస్తోంది. మబ్బు మధ్య చిన్న సందు దొరికింది. ఆ సందులోంచి పైలట్‌కు ఎడమ పక్కన గుట్ట కనిపించింది. అది ఎంతో దూరంలో ఉండాలి. చెట్లు ఏవి, బండలు ఏవి అని తెలిసేటంత దగ్గరగా ఉంది. విమానాన్ని పైకి లేపి, క్షేమంగా దిగి, ఫిర్యాదు రాశాడు.

ఏమీ కాలేదు. ఏమీ కాలేదు కదా అని నాకు నేను ఎంతో చెప్పుకున్నాను. దారికి రెండు వైపులా కొంత వెసులుబాటు వదులుతారు, చేనుకు గట్టు వదిలినట్టు. అది గాలి కోసం, పైలట్ చేతి పొరపాటు కోసం, అతని యంత్రంలో ఉండే లోపం కోసం. నేను తిన్నది ఆ గట్టును. ఆ రోజు గాలి కూడా అటే వీచింది. ఆ నలుగురి పేర్లు నాకు ఇప్పటికీ తెలియవు. తెలుసుకునే ధైర్యం లేకపోయింది.

విచారణకు ఒక అధికారి వచ్చాడు. వేరే రాష్ట్రం మనిషి, తెలుగు రాదు. పదహారు చోట్లా తానే కొలతలు తీశాడు. సంకేతం డిగ్రీన్నర తప్పిందని తేల్చాడు. గుంజ ఒరిగి ఉండటం చూశాడు. దాని అడుగున ఎగదోసిన మట్టినీ చూశాడు. గుంజ ఒరిగిన సంగతి నీకు తెలుసా అని నన్ను అడిగాడు. తెలియదన్నాను. మరి రెండు యంత్రాలూ ఒకేసారి ఎట్లా తప్పాయని అడగబోయి, ముందు కాపలాదారును పిలవమన్నాడు. ఆయన ఇంగ్లీషులో అడగాలి, నేను తెలుగులో గంగారాంను అడగాలి, జవాబు మళ్లీ ఇంగ్లీషులో చెప్పి కాగితం మీద రాయాలి. దొంగ చేతికే తాళాలిచ్చారు.

గంగారాం నిటారుగా నిలబడ్డాడు. తడబడలేదు.

"గుంజ జరిగింది. సారుకు జెప్పిన. మన్ను గూడ ఎగదోసిన."

అధికారి నా వైపు చూశాడు.

జరిగింది. జరిపిన. మన భాషలో ఈ రెండింటికీ మధ్య ఉన్న దూరం ఎంత? జరిగింది అంటే దానంతట అది. జరిపిన అంటే నేనే. గి తీసి పి పెడితే చాలు, వాన చేసిన పని మనిషి చేసినట్టవుతుంది. ముందే అనుకున్నానా? లేదు. ఒట్టేసి చెబుతాను, నోరు తెరిచేదాకా నాకూ తెలియదు. అయితే ఏమిటి? అనుకుని చేసిన పాపానికీ, నోటికొచ్చి చేసిన పాపానికీ అవతలి మనిషి పడే శిక్షలో తేడా ఉంటుందా?

గుంజను తానే జరిపానంటున్నాడు, మట్టిని కూడా తానే కదిపాడట అని ఇంగ్లీషులో చెప్పాను. మధ్యలో ఉన్న వాక్యం, సారుకు చెప్పానన్నది, అసలు చెప్పనే లేదు.

మట్టి ముట్టుకున్నది ఇతనేనా, మళ్లీ అడుగు అన్నాడు అధికారి. అడిగాను. "ఆఁ, నేనే సారూ," అని గంగారాం గట్టిగా తల ఊపాడు. మంచి పని చేశానన్న సంతోషం ఆ మొహంలో స్పష్టంగా కనిపించింది. ఆ తల ఊపడాన్ని అధికారి కళ్లారా చూశాడు. నన్ను అడగబోయిన ప్రశ్న ఇంక అడగలేదు. నేరం ఒప్పుకున్న మనిషి ఎదురుగా ఉంటే ప్రశ్నలు ఎవరికి కావాలి?

నేను ఇంగ్లీషులో రాసిన కాగితం గంగారాం ముందు పెట్టాను. కలం తీసుకుని, ఒక్కో అక్షరం దిద్దుతూ తెలుగులో పేరు రాశాడు. అందులో ఏముందని అడగలేదు. నేను మా తాత మనవణ్నే అని ఆ క్షణాన నాకు తెలిసింది. తెలిసి కూడా కాగితం మడతపెట్టి కవరులో పెట్టాను.

ఆయన్ను పనిలోంచి తీసేశారు. ఇంకొక మనిషిని చూపించమని ఊరి పంచాయతీకి ఉత్తరం పోయింది. దాన్ని తెలుగులో రాసింది నేనే. 'గుంజను జరిపినందున' అని రాశాను. పంచాయతీలో దాన్ని పదిమంది ముందు చదివారట.

పోయింది కూలీపనే కదా అనుకున్నాను మొదట్లో. నాకైతే ఉద్యోగం, పిల్లల చదువులు. ఆయనకైతే కూలీపనే కదా. ఆ తర్వాత ఊళ్లో జరిగింది నేను ఊహించలేదు. ఊహించి ఉండాల్సింది, ఆ మట్టిలో పుట్టినవాణ్నే కదా. రైతుల ఊళ్లో మనిషి తాగుబోతయినా సర్దుకుంటారు, అప్పు ఎగ్గొట్టినా మరిచిపోతారు. హద్దు జరిపాడన్న పేరు మాత్రం మాసిపోదు. "సర్కారు గుంజనే జరిపినోడు మన హద్దురాళ్లు జరపడా?" అన్న మాట లేచింది. చుట్టుపక్కల చేలవాళ్లు వరసగా సర్వే పెట్టించారు. ఎక్కడ గట్టు తగాదా వచ్చినా వేలు ఆయన వైపే చూపించారు. ఒక తగాదాలో న్యాయం ఆయన వైపే ఉన్నా, ఆయన మాట విన్నవాడు లేడు. రెండేళ్లు చూసి, ఉన్న కాస్త భూమి వదులుకుని మస్కట్ పోయాడని విన్నాను. యాభైకి దగ్గరపడిన మనిషి.

ఇదంతా నాకు ఎప్పటికప్పుడు తెలుస్తూనే ఉంది. అప్పుడైనా నోరు విప్పి ఉండొచ్చు. ఈసారి చెబుదాం, పెద్దవాడి పదో తరగతి అయ్యాక చెబుదాం, ప్రమోషన్ వచ్చాక చెబుదాం అనుకున్నాను. ప్రమోషన్ వచ్చింది. రిటైర్మెంటూ వచ్చింది. ఇప్పుడు దారులను ఉపగ్రహాలు చూపిస్తున్నాయి. మా స్టేషన్ మూతపడింది. దానితోపాటు పాత కాగితాలు కూడా పోయి ఉంటాయి. ఇంక ఎవరూ నన్ను పట్టుకోలేరని తెలిసిన రోజున తేలికపడతానని అనుకున్నాను. పడలేదు.

పోయిన ఏడాది సిరిసిల్లలో మా అక్కను ఆసుపత్రికి తీసుకెళ్లాను. చీటీ రాసే కిటికీ దగ్గర మా ముందు ఒక ముసలాయన ఉన్నాడు. ఏం బాధ పెద్దయ్యా అని లోపలి అమ్మాయి అడిగింది. ఆయన జవాబు చెప్పకుండా పక్కనున్న కూతురి మొహం చూశాడు.

"మా బాపు సర్కారోళ్ల ముంగట మాట్లాడడు మేడం. నన్నడుగుండ్రి," అంది ఆమె.

ఆయన తల తిప్పినప్పుడు గుర్తుపట్టాను. ఒక్క నిమిషం ఊరుకోని మనిషి! ఆయన నన్ను చూడలేదు. చీటీలోకి ఆమె చెప్పిన వీధి పేరు మాత్రం నా చెవిలో పడిపోయింది.

తొమ్మిది రోజులు ఆగి వెళ్లాను. ఎందుకు తొమ్మిది అంటే, ఎనిమిది రోజులు పిరికితనం. ముందు ఇంట్లో కూర్చుని జరిగిందంతా తెలుగులో, నా చేత్తో రాశాను. ఆయన అసలు పేరు, నా పేరు, ఊరి పేరు అన్నీ రాసి సంతకం పెట్టాను. వాళ్లది చిన్న అద్దె ఇల్లు. పక్కింట్లో మరమగ్గాలు ఆడుతున్నాయి. కూతురు మిషన్ మీద జాకెట్టు కుడుతోంది. ఆయన గోడకు ఆనుకుని చాప మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయాడు. వద్దని చెప్పి, నిలబడే మొత్తం చెప్పాను. మధ్యలో ఆగితే మళ్లీ చెప్పలేనని గుక్క తిప్పుకోకుండా చెప్పాను. కూతురు కుట్టుమిషన్ ఆపేసింది.

ఎందుకు చేసినవ్ అని అడుగుతాడనుకున్నాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన వేరే సంగతి అడిగాడు.

"అయితే గప్పుడు నేను సక్కగనే చెప్పిన్నా సారూ?"

నాకు వెంటనే అర్థం కాలేదు.

"పంచాయతిల ఉత్తరం చదివినప్పుడు నా గుండె ఆగింది. నేనే ఉల్టా మాట్లాడిన అనుకున్న. జరిగింది అనబోయి జరిపిన అన్నట్టున్న అనుకున్న. గప్పటిసంది ఆఫీసరోళ్ల ముంగట నోరు ఇప్పాలంటే భయం. మస్కట్ల గూడ గంతే."

ఉద్యోగం తీశాననుకున్నాను. పేరు తీశాననుకున్నాను. నేను తీసింది ఆయన నోటి మీద ఆయనకున్న నమ్మకాన్ని. ఇరవై రెండేళ్లు ఆ మనిషి నన్ను తిట్టుకోలేదు. తన నాలుకను తిట్టుకున్నాడు.

"సక్కగనే చెప్పినవ్ గంగారాం," అన్నాను. "ఒక్క అక్షరం తప్పలే. తప్పింది నేను."

కాగితం కూతురికి ఇచ్చాను. దాన్ని ఊళ్లో పదిమంది ముందు చదివించుకోవచ్చు, పంచాయతీలో ఇవ్వచ్చు, పిలిస్తే నేనూ వచ్చి చెబుతానన్నాను. ఆమె తీసుకుంది. పిలుస్తామనీ పిలవమనీ అనలేదు. నన్ను కూర్చోమనలేదు. నేను క్షమించమని అడగలేదు. అడగాలని గొంతుదాకా వచ్చింది కానీ, అది కూడా ఆయన చేత ఇంకొక కాగితం మీద సంతకం పెట్టించుకోవడమే అవుతుందనిపించింది. అక్కడ చెప్పాను, ఇప్పుడు మీకు చెప్పాను. నా గొంతులో ఇప్పుడు ఆ మాట లేదు. ఊపిరి సాఫీగా ఆడుతోంది. ఇంతకు మించి సుఖం నాకు రావలసినదేమీ లేదు.

"ఇన్నవా బిడ్డా," అన్నాడు ఆయన కూతురితో, నేనక్కడ లేనట్టే. తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు. ఆ వాన ఏ వైపు నుంచి లేచిందో, ఎంతసేపు కురిసిందో, పొద్దున లేచి చూస్తే గుంజ అడుగున మన్ను ఎట్లా కుంగి ఉందో, చేతితో కొలతలు చూపిస్తూ. నేను గడప దిగి చెప్పులు వేసుకుంటుంటే మగ్గాల చప్పుడు మీదుగా ఆయన గొంతు ఇంకా వినిపిస్తూనే ఉంది.